మాలకొండయ్యగారి ఎడమచెయ్యి

పదకొండో రోజు సాయంత్రానికి మాలకొండయ్యగారిని ఇంటికి పంపించేద్దామని తీర్మానించుకున్నాం. కాల్చిన ఇరవై మేక కార్జాలు ముందు పెడితే, లోపల కాలనిచోటు మిగిలిందో లేదో ఆయన ఆరింటి విషయంలోనే సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతకంటే ఎక్కువే సరిపోయేవి.

ఆయన్ని పిలిపించింది నేను కాబట్టి ఎవరి మొహమూ చూడలేకపోయాను. మాలకొండయ్యగారు గోపాలమిత్ర. టంగుటూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఆవులకీ గేదెలకీ చూడి కట్టించే పని ఆయనది. రెండు నెలలాగి మళ్ళీ వెళ్ళి, లోపలికి చెయ్యి పెట్టి, కట్టిందో లేదో చెబుతారు. ముప్పై ఏళ్ళలో ఆయన మాట ఒక్కసారీ తప్పలేదని మా పాలాయన ఒట్టేసి మరీ చెప్పాడు. కంటికి కనపడనిదాన్ని చేత్తో పోల్చుకోగల మనిషి కోసమే మేం ఆర్నెల్లుగా వెతుకుతున్నాం. "మన పేషెంట్ల లివర్ చూడ్డానికి పశువుల ఆయనా?" అని డాక్టర్ రెహానా ఒక నిమిషం పాటు పడీ పడీ నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "సరే, పిలిపించు మందాకినీ" అన్నారు.

మా ప్రయోగశాల ఒంగోల్లో, ఆవిడ ఆసుపత్రి మూడో అంతస్తులో ఉంది. ఆవిడ కాలేయంలో గడ్డలు కాల్చే డాక్టరు, నేను ఆవిడకి యంత్రాలు కట్టే ఇంజనీరుని. పక్కటెముకల సందులోంచి సన్నటి సూది దింపి, దాని కొసలో వేడి పుట్టించి, గడ్డని ఉన్నచోటే ఉడికించేస్తారు. ఉడికినచోటు గుడ్డు గట్టిపడ్డట్టు గట్టిపడుతుంది. మిగతా కాలేయం మెత్తగా ఉంటుంది. ఏది గట్టి, ఏది మెత్తన అన్నది కొయ్యకుండా తెలుసుకోవడానికి ఎలాస్టోగ్రఫీ అనే అల్ట్రాసౌండ్ పద్ధతి ఉంది. శబ్దంతో కాలేయాన్ని లోపల చిన్నగా తడితే ఒక అల పుడుతుంది. ఆ అల గట్టిచోట పరిగెడుతుంది, మెత్తనిచోట నడుస్తుంది. దాని వేగాన్ని బట్టి కంప్యూటరు తెరమీద రంగులు వేస్తుంది. కాలినదంతా ఎరుపు, కాలనిది నీలం.

చిక్కల్లా కాల్చగానే లేచే ఆవిరి బుడగలతోనే. బుడగలున్నచోట అల కంప్యూటరుకి తేటగా కనపడదు. కనపడనిచోట కంప్యూటరు చుట్టుపక్కల రంగు చూసి తన సొంత తెలివితో ఎరుపు పూసేస్తుంది. ఆ ఎరుపు కింద మెతుకంత గడ్డ బతికిపోతే నాలుగైదు నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. వందలో ఏడెనిమిది మందికి అలా జరిగేది. అందుకని కంప్యూటరు తెలివిని పక్కన పెట్టి, ఆ అలల్ని ఉన్నదున్నట్టుగా మనిషి వేళ్ళకి అందించే తొడుగు ఒకటి తయారుచేశాను. చేతికి తొడుక్కుని గాల్లో వేళ్ళు కదిపితే, లోపలి కాలేయాన్ని నిజంగా తడుముతున్నట్టే ఉంటుంది. దానికి లోచెయ్యి అని పేరు కూడా పెట్టుకున్నాం. తీరా తొడుక్కుంటే నాకు గానీ డాక్టరుగారికి గానీ అంతా గోధుమపిండి ముద్దలాగే తగిలింది. తొడుగులో లోపం లేదు, మా వేళ్ళకే చదువు లేదు.

పదకొండో రోజు ఆయన్ని ఊళ్ళో దింపిరావడానికి నేనే కారులో బయల్దేరాను. ఇక రావద్దని దారిలో ఎలా చెప్పాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడుతూ కూచున్నాను. ఊరి మొదట్లోనే ఒక రైతు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"మాలకొండన్నా, మా తెల్లావుని ఒక్కసారి చూసిపో. నువ్వు లేక నాలుగు రోజుల్నించీ కాసుక్కూచున్నా."

మాలకొండయ్యగారు దిగి, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, సబ్బునీళ్ళు రాసుకుని, ఆవు వెనక నిలబడి మోచెయ్యి దాటేదాకా చెయ్యి లోపలికి పెట్టారు. పెట్టి ఆవు వైపు చూడనైనా చూడలేదు. ఎటో మబ్బుల్లోకి చూస్తూ ఆ రైతుతో పొగాకు వేలం గురించి కబుర్లు మొదలుపెట్టారు. ఉన్నట్టుండి కబురు ఆపి, "కట్టింది. యాభై రోజులు. గర్భసంచి కుడి కొమ్ములో ఉంది" అన్నారు.

నేను మాత్రం ఆవుని చూడటం లేదు. ఆయన చేతిని చూస్తున్నాను.

"మీరు ఎడమచేత్తో చూస్తారా?"

"ఎప్పుడూ ఇదేనమ్మాయ్. కుడిచేత్తో చూడికట్టే సూది పట్టుకోవాల గదా. మా వాళ్ళంతా ఇంతే."

"మరి మా దగ్గర పదకొండు రోజులూ కుడిచెయ్యి ఎందుకు పెట్టారండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మీరు కుట్టింది కుడిచేతి తొడుగు. అయినా డాక్టరమ్మగారి సామాను మీద ఎడమచెయ్యి ఎట్టా పెడతానమ్మా? అదీ మనుషులకి వాడేదాయె. ఈ చెయ్యి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో నీ కళ్ళతో నువ్వే చూస్తివి గదా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరు పెద్ద చదువులు చదివిన ఆడవాళ్ళం, మీరు ఏ చేత్తో చూస్తారండీ అని ఒక్కమాట అడగలేకపోయాం. ఆయన అడగని మాట చెప్పలేకపోయారు. మర్యాద మా ముగ్గుర్నీ కలిపి పదకొండు రోజులు తిప్పలు పెట్టింది.

వారంలో ఎడమచేతి తొడుగు కుట్టించాను. ఈసారి తెర వైపు చూడమని కూడా ఎవరం చెప్పలేదు. ఆయన కిటికీలోంచి బస్టాండు వైపు చూస్తూ, మా ఆయాతో చేపల పులుసు గురించి మాట్లాడుతూ ఇరవైలో పంతొమ్మిది సరిగ్గా చెప్పారు. ఇరవయ్యోది ఏమిటా అని కోసి చూస్తే, చీటీ తప్పు అంటించింది నేనే.

అనుమతులన్నీ వచ్చాక ఐదుగురు రోగులకి ఆయన చెయ్యి సాయం తీసుకున్నాం. డాక్టరుగారు కాల్చడం, ఆయన తడమడం. ఆయన వేలు ఆగినచోట తెరమీద పసుపు చుక్క పడుతుంది, డాక్టరుగారు సూదిని అక్కడికి జరుపుతారు. ఐదుగురికీ తర్వాతి స్కానుల్లో ఒక్క మెతుకు కూడా మిగల్లేదు. మూడో అంతస్తులో మాలకొండయ్యగారి హోదా మారిపోయింది. ఆయన వస్తున్నారంటే ఆయా ముందుగానే అల్లం టీ పెట్టేది.

ఆ సంతోషంలో ఒక సంగతి ఆలస్యంగా గమనించాను. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుని, కాలుతున్నా దించకుండా అలాగే పట్టుకుని ఉన్నారు. అడిగితే నసుగుతూ చెప్పారు. తొడుగు తీశాక చెయ్యి మొద్దుబారుతోంది. మొదటిసారి సాయంత్రానికి తగ్గింది, ఐదోసారికి నాలుగు రోజులు పట్టింది. నేను కట్టిన తొడుగు అలల్ని వేళ్ళకి అందించడానికి క్షణానికి కొన్నివేల సార్లు నరాన్ని తడుతుంది. అన్ని తట్లు తిన్న నరం అలిసిపోయి పడుకుంటోంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?" అని కేకలేశాను.

"నువ్వు అడగలా" అన్నారు.

డాక్టర్ రెహానా ఆ పూటే తొడుగుని బీరువాలో పెట్టి తాళం వేశారు. నరానికి తగిలే దెబ్బ తగ్గించి తొడుగు మళ్ళీ కట్టడానికి ఎనిమిది నెలలు పడుతుందని లెక్క తేల్చాను. అప్పటిదాకా ఆయన చెయ్యి ఆవులకే.

సరిగ్గా పద్దెనిమిది రోజులకి మా అత్తయ్య స్కాను వచ్చింది.

అత్తయ్య పేరు సీతారావమ్మ. అరవై మూడేళ్ళు. ఏడాది కిందట ఆవిడ కాలేయంలో చిన్న గడ్డ బయటపడితే మా దగ్గరే కాల్పించాం. ఆ రోజు కంప్యూటరు అంతా ఎర్రగా చూపించింది, మేం స్వీట్లు పంచాం. జబ్బు కంటే ఆవిడకి పరువు బెంగ ఎక్కువ. "లివరంటే తాగుబోతుల జబ్బనుకుంటారే వీధిలో" అని, అందరికీ గ్యాస్ అని చెప్పుకుంది. ఇప్పుడు ఆ ఎరుపు అంచునే ఒక మెతుకు మిగిలి, గోలీ అంత అయింది. అదీ పిత్తాశయానికి ఆనుకుని. ఇటు తక్కువ కాలిస్తే గడ్డ మిగులుతుంది, అటు ఎక్కువ కాలిస్తే పిత్తాశయానికి చిల్లు పడుతుంది. మధ్యలో ఉన్న జాగా ఆరు మిల్లీమీటర్లు. ఎనిమిది నెలలు ఆగే వీలు లేదు.

మాలకొండయ్యగారిని అడగకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ తాళంచెవి డాక్టరుగారి దగ్గరుందని నాకు నేను రోజుకి పదిసార్లు చెప్పుకున్నాను. ఆయనే ఏదో పనిమీద ఫోన్ చేసి, నా గొంతు విని, "ఏందమ్మాయ్, ఎట్టనో ఉన్నావు?" అన్నారు. నేను బావురుమన్నాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి మా ఇంటి ముందు దిగారు.

అత్తయ్య ఆయనకి ఉప్మా పెట్టింది, కాఫీ ఇచ్చింది. సంతకం చెయ్యాల్సిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని మొదట్నించి చివరిదాకా చదివింది.

"గోపాలమిత్ర అంటే ఆవుల డాక్టరేగా? నన్ను ఆవుల డాక్టరుకి చూపిస్తారా?" అంది.

"అవునమ్మగారూ. ఆవు తన బాధ నోటితో చెప్పుకోలేదు గదా. అందుకని నా చెయ్యే అడిగి తెలుసుకోవడం నేర్చింది. మీ కార్జం కూడా అంతే, నోరు లేదు దానికి."

"దానికి లేకపోతేనేం, నాకుంది. మీ చెయ్యి మొద్దుబారుతోందని మా కోడలు చెప్పింది. నా కార్జం కోసం మీరు చెయ్యి పోగొట్టుకుంటారా? వద్దండీ. నాకు అరవై మూడు, చూడవలసినవన్నీ చూశాను." కాగితం మడిచి బల్లమీద పెట్టేసింది.

మాలకొండయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అమ్మగారూ, ఈ చేత్తో ఐదుగుర్ని చూశా. ఒక్కరూ నాకు ఉప్మా పెట్టలా, ఒక్కరూ నా చేతి సంగతి అడగలా. మీరు అడిగారు. ఇంక మిమ్మల్ని ఎట్టా వదిలిపెడతా? చెయ్యి నాది. ఎవరికి పెట్టాలో నా ఇష్టం."

వాళ్ళిద్దరూ గంటసేపు వాదించుకున్నారు. చివరికి అత్తయ్య ఓడిపోయి సంతకం పెట్టింది. పెట్టినందుకు కోపంతో ఆయనకి మళ్ళీ ఉప్మా వడ్డించింది.

డాక్టర్ రెహానా ఒకే ఒక్క షరతు మీద తాళం తీశారు. పదిహేను నిమిషాలు, అంతకు మించితే స్విచ్చి ఆపెయ్యాలి. ఆ స్విచ్చి నా చేతిలో పెట్టారు.

అత్తయ్యకి పూర్తి మత్తు ఇవ్వలేదు, సగం నిద్రలో ఉంది. సూది దిగింది. మూడు నిమిషాల్లో తెరంతా బుడగలతో తెల్లబారింది. మాలకొండయ్యగారు ఆకుపచ్చ బట్టల్లో, తలకి టోపీ పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడి ఎడమచెయ్యి గాల్లో కదుపుతున్నారు.

"అమ్మగారూ, మీ పుట్టిల్లు ఏ వూరు?"

"అద్దంకి" అంది అత్తయ్య మగతలో.

"అద్దంకిలో ఎవరి తాలూకు?"

ఆవిడ చెప్పింది, ఆయన విన్నారు. ఆయన వేళ్ళు అంచు వెంబడే మెల్లగా నడిచాయి. పసుపు చుక్క తెరమీద గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. పన్నెండో నిమిషంలో కంప్యూటరు అంతా ఎర్రగా పూసి, చికిత్స పూర్తయిందని చూపించింది. డాక్టరుగారు ఊపిరి వదిలారు.

"ఉండండి" అన్నారు మాలకొండయ్యగారు.

"ఏమైంది?"

"ఇక్కడ మెత్తన. మెంతిగింజంత."

పసుపు చుక్క పిత్తాశయం వైపు అంచున ఆగింది. తెరమీద అక్కడ మచ్చ కూడా లేని ఎరుపు. డాక్టరుగారు సూది ఆపారు. "మాలకొండయ్యగారూ, మెషీన్ అక్కడ ఏమీ లేదంటోంది. అక్కడ కాల్చి మీ మాట తప్పయితే చిల్లు పడుతుంది. సందేహం ఉంటే చెప్పండి, ఆగిపోదాం."

సందేహం ఉన్నప్పుడు ఆయన వృత్తిలో ఒక మాట ఉంది. ఇరవై రోజులాగి మళ్ళీ చూద్దాం అంటారు. అది మాకూ చాలాసార్లు చెప్పారు. ఆ మాట అంటారేమోనని నేను చూస్తున్నాను. ఆయన అనలేదు.

"ఇంకో చుట్టు తిరిగొస్తా" అన్నారు.

పదిహేనో నిమిషం వచ్చింది. నా బొటనవేలు స్విచ్చి మీదే ఉంది. ఆయన వేళ్ళు అంచు వెంబడి ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

"ఆపబాకమ్మాయ్" అన్నారు ఆయన, నా వైపు తిరక్కుండానే.

నేను ఆపలేదు. డాక్టరుగారి చూపంతా సూది మీదుంది. గడియారం నా ఎదురుగానే ఉంది. పదహారు, పద్దెనిమిది, ఇరవై. నా అత్తయ్య కోసం ఇంకొకరి చేతిని నేను కాలబెడుతున్నానని ఆ ప్రతి నిమిషమూ నాకు తెలుసు. అది తప్పే. మళ్ళీ ఆ రోజు వచ్చినా ఆపుతానని మాత్రం చెప్పలేను.

ఇరవై రెండో నిమిషంలో ఆయన వేలు మళ్ళీ అక్కడే ఆగింది. "ఇదే. ఇందులో మాట లేదు. కాల్చండి డాక్టరమ్మగారూ."

డాక్టర్ రెహానా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, సూది కొస మూడు మిల్లీమీటర్లు జరిపి, ఇరవై సెకన్లు కాల్చారు. మాలకొండయ్యగారు వేళ్ళు కదిపారు. మళ్ళీ కదిపారు. తర్వాత మెల్లగా చెయ్యి దించేశారు.

"ఇప్పుడెలా ఉంది?" అన్నారు డాక్టరుగారు.

"తెలవట్లేదమ్మా. ఇంక నాకేం తెలవట్లేదు" అన్నారు ఆయన.

పిత్తాశయానికి చిల్లు పడలేదు. రెండు రోజులు కష్టపడి ఆ బుడగల కిందున్న అలల్ని నేను కంప్యూటరు చేత ఒక్కొక్కటే మళ్ళీ లెక్క కట్టించాను. ఆ చివరి ఇరవై సెకన్లు కాల్చకముందు, ఆయన చెప్పినచోట, చెప్పినంత నీలం చుక్క ఉంది. నెల తర్వాత రంగుమందు ఎక్కించి తీసిన స్కానులో అదీ లేదు. ఆ ఫిల్ము పట్టుకుని డాక్టర్ రెహానా వరండాలో దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు. మా ఆయన అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చాడు.

మాలకొండయ్యగారి ఎడమచేతికి మాత్రం నెలైనా స్పర్శ రాలేదు. కదులుతుంది, పట్టుకుంటుంది, ఏం పట్టుకుందో దానికే తెలియదు. కుడిచేత్తో ఆవుల్ని చూడబోయి, ఏమీ తెలియక, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక రైతుకి "వేరే ఆయన్ని పిలుచుకో నాయనా" అని చెప్పారట. అది ఆయన నాకు చెప్పలేదు, పాలాయన చెప్పాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నరాల డాక్టరు పరీక్ష చేసి, నరం చావలేదు, తన పని మర్చిపోయిందన్నాడు. కళ్ళు మూసుకుని రకరకాల వస్తువులు తడిమి పోల్చుకుంటూ ఉంటే మళ్ళీ నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోనూవచ్చు. అది విన్న అత్తయ్య, "ఆ బడి నేను పెడతా" అంది.

ప్రతి బుధవారం ఆయన ఒంగోలు వచ్చేవారు. అత్తయ్య ఆయన కళ్ళకి తువ్వాలు కట్టి, ముందు పళ్ళేలు పెట్టేది. కందులు, పెసలు, మినుములు, శనగలు. అప్పటికి పిలుపులు కూడా మారిపోయాయి.

"ఇదేంటి తమ్ముడూ?"

"పెసలక్కయ్యా."

"శనగలయ్యా అవి! ఒక్కోటీ నా ముక్కుపుడకంత ఉంటే పెసలంటావేంటి? మళ్ళీ చూడు."

"ఆవుల దగ్గర నన్నెవరూ ఇట్టా తిట్టలేదక్కయ్యా."

"వాటికి నోరు లేదన్నావుగా. నాకుంది."

నేను గదిలో కూచుని తొడుగు దెబ్బ తగ్గించే పని చేస్తూ ఇదంతా వినేదాన్ని. దెబ్బ పదోవంతుకి తగ్గింది. ఇద్దరు మిషను కుట్టేవాళ్ళకీ, ఒక మంత్రసానికీ శిక్షణ మొదలుపెట్టాం, ఈసారి ముందుగా ఏ చేత్తో చూస్తారని అడిగి మరీ. పని బాగానే సాగుతోంది. అయినా అవతల గదిలోంచి తప్పు జవాబు వినపడ్డప్పుడల్లా నా చెయ్యి ఆగిపోయేది. మూడు నెలలు ఆయన ఒక్క బుధవారమూ సగానికి మించి సరిగ్గా చెప్పలేదు.

పధ్నాలుగో బుధవారం అత్తయ్య పళ్ళెంలో కందిపప్పు పోసి ముందు పెట్టింది. ఆయన ఎడమచెయ్యి పప్పులో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, మా పక్కింటి వర్ధనమ్మగారి కోడలు ఎప్పుడు నీళ్ళాడుతుందని అడిగారు. అత్తయ్య చెబుతోంది. మధ్యలో ఆయన చెయ్యి ఆగింది.

"కందిపప్పు. అక్కయ్యా, ఇందులో రాయుంది" అన్నారు.

"రాయా?" అత్తయ్య గొంతు లేచింది. "నా పప్పులో రాయా? పొద్దున్నే నా చేతుల్తో ఏరా. నేను ఈ ఇంటికొచ్చి నలభై ఏళ్ళయింది, ఒక్కరి పంటి కింద తగిలిందా? వర్ధనమ్మ ఒకసారి అట్లా అంటే ఆర్నెల్లు మాట్లాడలేదు నేను."

"ఉందక్కయ్యా. చిన్నదే. దీనికి అంచుంది, పప్పుకి లేదు."

నేను లేచి వెళ్ళాను. ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో పట్టుకుని చెయ్యి చాచారు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ఆవగింజంత ఉంది, పప్పు రంగులోనే ఉంది. ఇద్దరం కళ్ళతో చూసి కూడా వెంటనే చెప్పలేకపోయాం. అత్తయ్య దాన్ని నేలమీద పెట్టి గ్లాసు అడుగుతో నొక్కింది. కరకరమంది.

"రాయే తమ్ముడూ" అంది. ఆయన కళ్ళకున్న తువ్వాలు విప్పబోయి విప్పలేక, ఆ చేతినే రెండు చేతుల్తో పట్టుకుని భోరుమంది. మాలకొండయ్యగారు తువ్వాలు కిందనుంచే, "అక్కయ్యా, నీ చేతులు చల్లగా ఉన్నాయి" అన్నారు.

కాసేపటికి అత్తయ్య మొహం కడుక్కుని ఫోన్ అందుకుంది. తన పప్పులో రాయి వచ్చిందని ముందు డాక్టర్ రెహానాకి చెప్పింది, తర్వాత అద్దంకిలో తన చెల్లెలికి చెప్పింది, ఆ తర్వాత గోడ మీంచి వర్ధనమ్మగారిని పిలిచి మరీ చెప్పింది.